రామేశ్వరం చివర నీళ్లు కొలిచిన రోజు

ముందు పోయినవి చెబుతాను. చెప్పులు నాలుగు జతలు. టిఫిను క్యారియరులో మూడు గిన్నెలు. మూత, పిడి మిగిలాయి. మా బావ చేతికర్ర ఒకటి. మా అక్క ఎడమచేతి గాజులు ఆరింటిలో ఐదు. నా చేతి గడియారం. ఉప్పునీళ్లు తాగి మూడూ పదికి ఆగిపోయింది, మళ్లీ నడవలేదు. కాజీపేటలో ఒక ఫోటో స్టూడియో ఆయన్ను బతిమాలి తెచ్చుకున్న కెమెరా, అందులో అప్పటికి తీసిన పదిహేడు ఫోటోలు. నా భార్య కొంగున ముడి వేసుకున్న గవ్వలు. అవి ఎన్నో ఆమె లెక్కపెట్టలేదు, నన్ను పెట్టనివ్వలేదు. ప్రాణాలు పోలేదు. వెళ్లింది నలుగురం, తిరిగొచ్చింది నలుగురం. అందుకే మా బంధువుల్లో ఎవరిని అడిగినా ఆ ప్రయాణంలో ఏమీ పోలేదనే చెబుతారు.

నేను బడికి వెళ్లింది నాలుగో తరగతి దాకానే. లెక్కలు మా నాన్నను చూసి వచ్చాయి. పాలకుర్తి దగ్గర మా ఊళ్లో ఆయన నీరటి. చెరువు తూము తీయడం, ఏ పొలానికి ఎంతసేపు నీళ్లు వదలాలో చూడడం నీరటి పని. ఎండాకాలం రాగానే నీటి అంచున తుమ్మకర్ర పాతి, దాని మీద వేలి మందాన గాట్లు పెట్టేవాడు. రోజుకు ఎన్ని వేళ్లు దిగుతోందో చూసి, చెరువు ఏ వారానికి అడుగంటుతుందో చెప్పేవాడు. ఆయన చెప్పిన వారం తప్పేది కాదు. దిగడం మొదలైన నీళ్లు వాన పడేదాకా దిగుతూనే ఉంటాయి. ఇది నాకు ఐదేళ్ల వయసులోనే తెలుసు.

పెద్దయ్యాక మిర్చి బస్తాల తూకం లెక్కలు చూసే పనిలో కుదిరాను. కాగితం లేకుండానే చెప్పేవాణ్ని. ఇంట్లో కూడా పెళ్లికి ఎన్ని కిలోల బియ్యం, ప్రయాణానికి ఎన్ని గంటలు అని నన్నే అడిగేవారు. నేను చెప్పాక మళ్లీ ఎవరూ చూసుకునేవారు కాదు.

మా బావ కాజీపేట రైల్వేలో గ్యాంగ్‌మన్. పట్టాలు మారుస్తుండగా ఒకటి జారి ఆయన ఎడమ పాదం మీద పడింది. రెండు నెలలు దవాఖానలో ఉన్నాడు. కాలు తీసెయ్యాల్సి రావచ్చని డాక్టరు అన్న రోజున మా అక్క మొక్కుకుంది. కాలు నిలబడితే ఆలుమగలిద్దరూ రామేశ్వరం వచ్చి, గుడిలో ఉన్న ఇరవై రెండు బావుల నీళ్లూ వరసగా నెత్తిన పోసుకుంటామని. కాలు నిలబడింది, కొంచెం వంకరగా. రెండేళ్లపాటు ఏదో ఒక అడ్డం వచ్చింది. రాత్రిళ్లు బావకు కాలు సలిపినప్పుడల్లా అక్క లేచి కూర్చుని, "మొక్కు మొక్కి ఊకున్నం, సలపక ఏంజేస్తది" అనేది.

ఎనభైల మొదట్లో ఒక ఏడు, చలి తగ్గాక బయలుదేరాం. వాళ్లిద్దరికీ రైల్వే పాసు, నాకూ నా భార్యకూ టికెట్లు. మద్రాసులో బండి మారి, మర్నాడు సాయంత్రానికి సముద్రం మీది వంతెన దాటాం. బండి నడక వేగాన్ని మించి పోలేదు. కిటికీ లోంచి చూస్తే కింద పట్టాలకు ఆనుకుని గట్టు లేదు, మట్టి లేదు, నీళ్లే. మేమెవరమూ అంతకు ముందు సముద్రం చూడలేదు. నా భార్య కళ్లు మూసుకుని, "అయిపోయినంక చెప్పు" అంది. బావ మాత్రం తల బయటపెట్టి కింద బోల్టులు చూస్తూ కూర్చున్నాడు.

"గివన్నీ తుప్పువడ్తయి బామ్మర్దీ. గీడ గ్యాంగ్‌మన్‌కు జీతం డబలియ్యాలె."

మేము దిగింది శనివారం. ఆదివారం తెల్లవారి గుడికి పోతే లైను వీధి మలుపు దాకా ఉంది. నేను పక్కన నిలబడి కాసేపు చూశాను. తొమ్మిది వందల మంది దాకా ఉన్నారు, నిమిషానికి ఐదుగురు కదులుతున్నారు. మూడు గంటలు. బావ కాలు మూడు గంటలు నిలబడలేదు. ఈ రోజు దీవి చూసి, రేపు సోమవారం మొక్కు తీరుద్దామన్నాను.

అక్క ఒప్పుకోలేదు. "మొక్కు తీర్చకముందుగాల తిరుగుళ్లేందిరా తమ్మీ? మంచిది గాదు."

"నీ దేవుడు యాడికి పోతాండే?" అన్నాడు బావ. "రేపు సోమారం, ఆయన దినమే. మీ తమ్ముడు లెక్క జెప్పిండు గదా, ఇగ తిరుగేంది?"

ఆ మాటకు అక్క ఊరుకుంది. నా లెక్క మీద ఆమెకూ అంత నమ్మకం.

దీవి చివరకు ఇసుక మీద పోయే వ్యాను ఒకటి దొరికింది. ఒకప్పుడు తుఫాను మింగిన ఊరు అక్కడ ఉంది. గోడలు ఉన్నాయి, కప్పులు లేవు. ఒక గుమ్మం ఉంది, దానికి అటూ ఇటూ గోడ లేదు. గాలి తప్ప ఇంకో చప్పుడు లేదు. కొంచెం ముందుకు పోతే రైలు పట్టాలు కనిపించాయి. ఇరవై అడుగులు పోయి ఇసుకలోకి దిగిపోయాయి. బావ కష్టంగా వంగి, పట్టాను చేత్తో తుడిచి, చాలాసేపు దాని మీదే చెయ్యి పెట్టి ఉన్నాడు.

"పట్టాలు తీసేసుడు జూసిన. గిట్ల బొందవెట్టుడు సూడలే" అన్నాడు. తర్వాత నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. అక్క, "ఇగ పోదాం పాండ్రి, నాకు మంచిగ అనిపిస్తలేదు" అంది.

వ్యాను మళ్లీ నాలుగింటికి గాని రాదు. అప్పుడు పది కావస్తోంది. ఎదురుగా, నీళ్లకు అవతల, తెల్లటి ఇసుక దిబ్బ ఒకటి ఉంది. దిబ్బకూ మాకూ మధ్య నీళ్లు మోకాళ్ల లోతు. కొందరు దాటిపోయి తిరిగి వస్తున్నారు. బావ కళ్లు దాని మీదే ఉన్నాయి.

నేను వెంటనే సరే అనలేదు. ఎండిన కొమ్మ ఒకటి తెచ్చి, గాట్లు పెట్టి, నీటి అంచున పాతాను. మేము కూర్చుని సకినాలు తిని, మంచినీళ్లు తాగేసరికి గంట గడిచింది. నీళ్లు రెండు వేళ్లు దిగాయి.

"మా బామ్మర్ది సముద్రానికి గూడ కాంటా వెడ్తాండు!" అని బావ నవ్వాడు. "చెప్పు మరి, ఎన్ని కింటాళ్లున్నది?"

"గంటకు రెండు వేళ్లు దిగుతాంది బావా. మూడింటికి ఎనిమిది వేళ్లు తగ్గుతది. వచ్చేటప్పుడు పిక్కలదాక గూడ ఉండయి. పోదాం."

ఆ పక్కనే ఒక ముసలి జాలరి వల బాగుచేసుకుంటున్నాడు. మేము నీళ్లలో దిగుతుంటే తమిళంలో ఏదో అన్నాడు. మాకు అర్థం కాలేదని చూసి, చేత్తో సూర్యుణ్ని చూపించి, ఆ చేతిని పడమటికి జరిపి, తర్వాత తన రొమ్ము మీద పెట్టుకున్నాడు.

"ఎండ గుండెకు కొడ్తదంటాండు" అన్నాడు బావ. "రుమాలు కట్టుకుంటం తాతా!"

ముసలాయన ఇంకోసారి అలాగే చూపించాడు. నేను చూశాను. చూసి కూడా నా కొమ్మనే నమ్మాను.

అటు పోతున్నప్పుడు అడుగులు లెక్కపెట్టాను. రెండు వందల అరవై.

దిబ్బ మీద గడిపిన మూడు గంటలూ మా నలుగురి జీవితంలో మంచి గంటలే. అక్క కూడా నవ్వింది. ఎండ్రకాయ ఒకటి ఆమె చీర కుచ్చిళ్లలోకి పోతే నా భార్య పట్టి లాగి, "వదినెకు కొత్త నగ దొరికింది" అంది. బావ ఎడమ పాదం నీళ్లలో పెట్టి కూర్చున్నాడు. "బామ్మర్దీ, రెండేండ్లల్ల ఇయ్యాల్నే నొప్పి లేదు. కాలు ఉన్నట్టే తెలుస్తలేదు" అన్నాడు. రెండింటికి బయలుదేరాల్సింది, ఆయన ముఖం చూసి ఇంకో అరగంట ఆగాను. నీళ్లు దిగుతున్నాయి గదా, తొందరేముంది అనుకున్నాను. మిగతా జనం ఎప్పుడు వెళ్లిపోయారో గమనించలేదు. దిబ్బ మీద మేము నలుగురమే ఉన్నామని నాకు తట్టలేదు. లెక్కపెట్టడమే నా పని, ఆ రోజు మనుషుల్ని మాత్రం లెక్కపెట్టలేదు.

నా భార్య ముందు చూసింది. "నువ్వు నాటిన కట్టె ఏదీ?"

ఒడ్డు వైపు చూశాను. కొమ్మ పై కొస మాత్రం నీళ్లలో ఆడుతోంది. ఎవరో పీకి లోతులో పాతారనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇంకో పుల్ల దొరికించుకుని, మేమున్న వైపు అంచున గుచ్చి, గడియారం చూస్తూ నిలబడ్డాను. పది నిమిషాల్లో వేలు మందం మునిగింది. నీళ్లు ఎక్కుతున్నాయి. వాన లేదు, వాగు లేదు, ఎక్కడి నుంచీ నీళ్లు వచ్చే దారి లేదు. అయినా ఎక్కుతున్నాయి. ఆ పది నిమిషాలు అలా పోయాయి.

"ఏమయిందిరా?" అని అక్క అడిగింది.

"పోదాం. జల్ది."

తొంభై అడుగుల దగ్గర నడుము లోతు వచ్చింది. పొద్దున కదలకుండా ఉన్న నీళ్లు ఇప్పుడు పక్కకు లాగుతున్నాయి. ఆడవాళ్లిద్దరినీ ముందు నడిపించి, నేను బావ చంకలో చెయ్యి వేసి పట్టుకున్నాను. టిఫిను గిన్నెలు ఊడిపోయాయి, కెమెరా వదిలేశాను. నూట ముప్పై దగ్గర బావ చేతికర్ర ఇసుకలో దిగబడింది, లాగితే రాలేదు. నూట నలభైకి నీళ్లు మా రొమ్ముల దాకా వచ్చాయి. సరిగ్గా ఆ ముసలాయన చెయ్యి పెట్టుకున్నంత.

"బామ్మర్దీ, నన్ను ఇడిషిపెట్టి ఆళ్లను జూడు."

"ఊకో బావా. ఇంక నూట ఇరవయ్యే."

"నీ లెక్క పాడుగాను" అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. ఆ తర్వాత ఆయన కాలు మడత పడింది. నా చేతిలోంచి జారి మునిగాడు.

నేను లెక్కపెట్టాను. కావాలని కాదు, నాలో అది ఆగదు. చేతులతో నీళ్లలో వెతుకుతూనే, ఒకటి, రెండు, మూడు. పదకొండు దగ్గర ఆయన చొక్కా చేతికి తగిలింది. పైకి లాగేసరికి ఆ ముసలి జాలరి తెప్ప మా మీదికి వచ్చింది. ఆడవాళ్లను అప్పటికే ఎక్కించుకున్నాడు. అక్క చెయ్యి చాపి బావ జుట్టు పట్టుకుంది. ఆ గుంజులాటలోనే గాజులు చిట్లిపోయాయి.

ఒడ్డున బావ ఉప్పునీళ్లు కక్కాడు. ముసలాయన ఆయన వీపు మీద చరుస్తూ నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. తన తువ్వాలు తీసి బావకు కప్పాడు.

సోమవారం పొద్దున లైను లేదు. అరగంటలో లోపలికి పోయాం. బావుల దగ్గర మనుషులు గట్టు మీద నిలబడి, బొక్కెనతో తోడి కింద ఉన్నవాళ్ల నెత్తిన గుమ్మరిస్తారు. మొదటి బావి దగ్గరే బావ బిగుసుకుపోయాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. నేను వెనక నడుస్తూ లెక్కపెట్టాను. నాలుగో బావికి ఆయన పళ్లు కొట్టుకోవడం నాకు వినిపించింది. ఏడో దగ్గర నీళ్లు పడకముందే ఊపిరి బిగబట్టాడు. తొమ్మిదో బొక్కెన పడగానే స్తంభాన్ని వాటేసుకుని కింద కూర్చున్నాడు.

"ఇగ నాతోని గాదే. నీళ్లు మీద వడంగనే లోపట్నే ఉన్నట్టు అయితాంది. దమ్ము ఆడుతలేదు."

"ఇంక పదమూడేనయ్యా. కండ్లు మూసుకో, నేనున్న గదా."

"గాదంటున్న గదా!" అని అరిచాడు. గుడిలో అందరూ తిరిగి చూశారు. బావ అక్క మీద గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు.

అక్కను ఒక్కదాన్నయినా మిగతావి పూర్తి చెయ్యమని నా భార్య చెప్పింది. అక్క తడి కొంగు పిండుకుంటూ, "ఇద్దరమని మొక్కిన. ఒక్కదాన్ని ఎట్ల తీరుస్తనే?" అంది. నా వైపు చూడలేదు. మళ్లీ వచ్చినప్పుడు పదో బావి నుంచి మొదలుపెడదామని బావకు చెప్పి లేపింది.

మళ్లీ పోలేదు. ప్రతి ఏడూ పాసు వచ్చేది, వాడకుండానే గడువు దాటేది. బావ ఆ తర్వాత నెత్తిన నీళ్లు పోసుకోలేదు. తడి తువ్వాలతో ఒళ్లు తుడుచుకునేవాడు. గట్టి వాన పడితే మంచం మీద కాళ్లు ముడుచుకుని, ఆగేదాకా తలుపు వైపు చూస్తూ ఉండేవాడు. కాలు నొప్పి తిరిగి మొదలైంది, ముందుకంటే ఎక్కువగా. నీళ్లకూ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. అక్క వినేది, తల ఊపేది. ఆరేళ్లు అలా గడిచాక ఒక మధ్యాహ్నం డ్యూటీ నుంచి వచ్చి పడుకుని, గుండె ఆగి పోయాడు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి మాత్రం, బావ సంవత్సరీకానికి ఎన్ని విస్తర్లు కావాలో నేను చెప్పబోతుంటే, "ఒద్దు తమ్మీ, పక్కింటాయన్ను అడిగిన" అంది.

పోయినేడు ఆమె దగ్గర కూర్చుని అడిగాను. పోదామక్కా, నీవి నువ్వు పోసుకో, బావవి నేను పోసుకుంటా అని. "ఆయన నెత్తి మీద పడాల్సిన నీళ్లు నీ నెత్తిన పడితే తీరుతదారా?" అంది. ఒక పంతులుగారిని అడిగితే కొడుకైతే తీర్చవచ్చు, బామ్మర్దికి కుదరదన్నారు. వాళ్లకు పిల్లలు లేరు. ఇప్పుడు అక్క మోకాళ్లు రైలు మెట్లు ఎక్కనివ్వవు.

అక్కవి పదమూడు బావులు మిగిలాయి, బావవి పదమూడు. ఈ రోజుకు ఇరవై ఆరు.