మార్చి గుడారాలు

దుకాణంలో అందరూ ఆవిడకి పెట్టిన పేరు దబ్బనం. గుడారాల మందపాటి గుడ్డలోకి దిగే ఆ లావుపాటి సూది ఎప్పుడూ ఆవిడ చేతిలో ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని ఎదుట చెప్పేవారు. నోటిని బట్టి వచ్చిందని చాటున చెప్పుకునేవారు. రెండూ నిజమే.

కొండలెక్కేవాళ్ళకి గుడారాలు, వీపు సంచులు, చలికోట్లు అద్దెకిచ్చే దుకాణం అది. మామగారు పెట్టింది. ముందు గదిలో కౌంటరు, టెలిఫోను, గోడ నిండా శిఖరాల ఫోటోలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి సోఫా ఉంటాయి. వెనక గదిలో రెండు కుట్టుమిషన్లు, తడి గుడ్డలు ఆరేసే తాళ్ళు, పాత జిప్పులు దాచిన డబ్బాలు, ఎన్ని కిటికీలు తెరిచినా పోని ముక్కిన కంపు. రెండు గదులకీ మధ్య ఒక తెర. తెర వెనక దబ్బనం ఇరవై రెండేళ్ళుగా కుడుతోంది. తెర ముందు ఆవిడ తోడికోడలు ఇరవై రెండేళ్ళుగా నవ్వుతోంది.

నవ్వడం కూడా ఒక ఉద్యోగమేనా అని దబ్బనం అనేది. ఆ మాట వెనక పాత గాయం ఒకటుంది. దుకాణం తెరిచిన రోజున మామగారు కోడళ్ళిద్దరినీ పిలిచి, పెద్దకోడలితో, "నువ్వు లోపల కుట్టమ్మా, నీ మొహం చూస్తే వచ్చినవాడు అటునుంచి అటే పోతాడు" అన్నాడు. సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు. చిన్నకోడలూ నవ్వింది. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన్ని దబ్బనం ఎప్పుడో క్షమించేసింది. ఆ రోజు నవ్విన తోడికోడల్ని మాత్రం క్షమించలేదు.

అప్పట్నుంచీ ఆవిడ తోడికోడల్ని పేరు పెట్టి పిలిచింది లేదు, చెల్లీ అన్నది లేదు. "ఆ కౌంటరావిడ" అనేది, ఎవరో అద్దెకొచ్చినావిడ గురించి చెప్పినట్టు. చిన్నావిడ తెర పక్కకి జరిపి, "అక్కా, శనివారానికి నాలుగు గుడారాలు కావాలి" అంటే, మిషను చప్పుడే జవాబు. శనివారానికి నాలుగూ సిద్ధంగానే ఉండేవి. పని విషయంలో దబ్బనాన్ని వేలెత్తి చూపగలిగినవాడు ఇంకా పుట్టలేదు.

అన్నిటికన్నా ఆవిడ ఒళ్ళు మండేది టెలిఫోను మోగినప్పుడు. ఏ నెల బాగుంటుందండీ అని ఎవరో అడిగేవారు. "అక్టోబరండీ. వానలు వెళ్ళిపోతాయి, ఆకాశం కడిగినట్టుంటుంది, రెండు శిఖరాల మధ్య కనుమ దాకా దారి తెరిచే ఉంటుంది" అని చిన్నావిడ తేనె పూసి చెప్పేది. తెర ఇవతల దబ్బనం పళ్ళు నూరేది. అక్టోబరు సంగతి తనకి తెలుసు. అక్టోబరులో వెళ్ళిన గుడారం అడుగున రాళ్ళు కోసుకుపోయి, పైన నిప్పురవ్వలు పడి చిల్లులై, తాళ్ళు తెగి, బురద అట్టలు కట్టి వచ్చేది. అవి కుట్టి కుట్టి డిసెంబరుకి ఆవిడ బొటనవేలి చర్మం లేచిపోయేది. అదే మార్చిలో వెళ్ళిన గుడారమైతే ఆవిడ వేసిన మడత వేసినట్టే తిరిగొచ్చేది. ఒక్క చిరుగుండదు, ఒక్క మరకుండదు. మనుషులు ముందు గదిలో కూర్చుని కబుర్లు చెప్పి అటే పోయేవారు, సామాను మాత్రమే వెనక గదికి వచ్చేది. దబ్బనం చదువంతా ఆ సామాను చదువే.

కాబట్టి మార్చిలో కొండ సాధువులా ఉంటుందని ఆవిడ తేల్చుకుంది. ఇంత తెలిసీ జనాన్ని అక్టోబరులో తోలడం తన వేళ్ళు అరగ్గొట్టడానికేనని కూడా తేల్చుకుంది. రెండో సంగతి మీద నమ్మకం మొదటిదానికన్నా గట్టిది.

ఆవిడకి ఒక్కతే కూతురు. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మూడేళ్ళ తరవాత మొదటిసారి ఏకంగా వారం రోజులు సెలవిస్తామన్నారు. మార్చిలోనో అక్టోబరులోనో, ఏదో ఒకటి ఇప్పుడే రాయించాలి. రాయించాక మార్పు లేదు. మళ్ళీ అలాంటి వారం ఎన్నేళ్ళకి దొరుకుతుందో చెప్పేవాళ్ళు లేరు.

"ఇద్దరం కనుమ దాకా వెళ్దామమ్మా" అంది కూతురు. "చిన్నప్పుడంతా ఈ మూటల మీదే నిద్రపోయాను. ఒక్కరాత్రైనా గుడారంలో పడుకోలేదు. పిన్నినడిగితే అక్టోబరంటోంది. మార్చిలో సగం దారిలో ఉన్న విడిది దాటి పైకి పోనివ్వరట."

పిన్నిని అడిగింది! దబ్బనం ఒంటికాలి మీద లేచింది.

"అక్కడికి వెళ్ళి అడగడం ఎందుకు? నేను చచ్చానా?"

"అది కాదమ్మా, ఆవిడ రోజూ..."

"రోజూ ఫోన్లో వాగుతుంది. ఆ కొండ చింపిన ప్రతి గుడ్డా కుట్టింది నేను. పోనివ్వకపోతే మార్చిలో ఇన్ని గుడారాలు ఎందుకు పోతున్నాయి? చెప్పు!"

అని ఊరుకోలేదు. అక్టోబరువి మూడు, మార్చివి మూడు గుడారాలు లాక్కొచ్చి కూతురి ముందు నేల మీద పరిచింది. "ఇందులో చిరుగు చూపించు, రేపట్నుంచి కుట్టడం మానేస్తాను" అంది మార్చివాటిని తట్టి. కూతురు వంగి, గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. చిరుగు లేదు. రోజంతా ఎముకలు చూసి విరిగిందో లేదో చెప్పే పిల్ల, కంటికి కనిపించిందే నమ్మింది. మార్చి అని రాయించింది.

బయల్దేరే ముందు రోజు చిన్నావిడ తెర జరిపి లోపలికొచ్చింది. "అక్కా, నా మీద కోపం ఉంటే నన్ను తిట్టు. పిల్ల సెలవు..."

"నా కూతురు నాలుగు రోజులు సుఖపడితే నీ కళ్ళు మండుతున్నాయా?"

చిన్నావిడ మొహం మీద నవ్వు లేదు. "నీ ఇష్టం" అని తెర విసురుగా లాగేసి వెళ్ళింది. దబ్బనానికి ఆ సాయంత్రం భోజనం రుచించింది.

కొండ మొదట్లో ఆవిడ మాటే నెగ్గినట్టుంది. ఎండ వెచ్చగా కాసింది. మోకాళ్ళు మూలిగినా ఆవిడ ఆగలేదు. వంద అడుగులకోసారి వెనక్కి తిరిగి, "చూశావా?" అనేది. కూతురు తననే అంటోందనుకుని నవ్వింది. ఆవిడ అంటున్నది అక్కడ లేని మనిషితో.

మధ్యాహ్నానికి విడిది చేరారు. వరండా నిండా జనం. కొందరు పేకాడుతున్నారు, కొందరు దుప్పట్లు కప్పుకుని టీ తాగుతున్నారు. మూలన గుడారాలు, కట్టిన తాళ్ళు కట్టినట్టే, గుట్టగా పడున్నాయి. దబ్బనం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఇంతవరకేనమ్మా" అన్నాడు విడిది కాపలాదారు. "పైన నడుములోతు మంచు. ఏప్రిల్ పోయేదాకా దారి తెరవరు."

"మరి ఈ గుడారాలు?" అంది దబ్బనం.

"గుడారం లేనిదే కింద చెక్‌పోస్టులో వదలరు కదా. మోసుకొస్తారు, విప్పకుండా మోసుకుపోతారు. వీళ్ళు మంచు చూడ్డానికి వచ్చినవాళ్ళమ్మా, ఎక్కడానికి కాదు. మీకు సామానిచ్చిన దుకాణంలో చెప్పలేదా?"

"చెప్పారు" అంది కూతురు.

ఆ ఒక్క మాటకి దబ్బనం సిగ్గుతో చితికిపోయింది. సిగ్గేస్తే ఆవిడకి కోపమొస్తుంది, అదొక్కటే ఆవిడకి వచ్చిన విద్య. "నన్నాపడానికి నువ్వెవడివి?" అని కాపలాదారు మీద నోరు పారేసుకుని, అడ్డంగా కట్టిన తాడు దాటి పైకి నడిచింది. పదిహేను అడుగులు వేసిందో లేదో తొడల దాకా మంచులో దిగబడిపోయింది. కాపలాదారూ, చేతిలో ముక్కలు కింద పెట్టకుండానే పరిగెత్తుకొచ్చిన ఇద్దరు పేకాటగాళ్ళూ కలిసి ఆవిడ చంకల కింద చేతులేసి బయటికి లాగారు. ఒక చెప్పు లోపలే ఉండిపోయింది.

మర్నాటికి పొగమంచు కమ్మి, ఎదురుగా ఉన్న కొండ కూడా కనిపించకుండా పోయింది. గదిలో రెండు మంచాలు, ఒకదాని మీద కూతురు గోడవైపు తిరిగి పడుకుంది. దబ్బనం ఎన్నో మొదలుపెట్టింది. ఈ ఏడాదే ఇలా ఉందేమో అంది. కాపలాదారు అబద్ధాలాడుతున్నాడంది. చివరికి, "నేనేమైనా కావాలని చేశానా?" అంది.

"కావాలనే చేశావు" అంది కూతురు. గొంతు పెంచలేదు. "నీకు కొండ అక్కర్లేదమ్మా. పిన్ని తప్పని తేలాలి, అంతే. దానికి నా వారం కావలసొచ్చింది. మూడేళ్ళు చూశాను ఈ వారం కోసం."

తప్పు నాదే అనాలని దబ్బనానికి మనసులో ఉంది. ఆ మాట అనడానికి బదులు, మిగిలిన ఒక్క చెప్పునీ తీసి తుడవడం మొదలుపెట్టింది.

ఇంకా మూడు రోజులు ఉండగానే కిందికి దిగిపోయారు. బస్సులో కూతురు కిటికీ పక్కన కూర్చుంది. సగం దూరం వచ్చాక, తనలో తాను అనుకున్నట్టుగా, "మళ్ళీ సెలవు దొరికితే పిన్నితో వెళ్తాను" అంది.

దబ్బనం తిట్టాలనుకుంది, ఏడవాలనుకుంది. రెండూ మింగేసి, ఎదుటి సీటు కడ్డీ గట్టిగా పట్టుకుని, మెల్లగా అడిగింది.

"ఏ నెలలో?"

కూతురు తల తిప్పలేదు.

"నీకెందుకమ్మా?"