కిటికీ కింద జాగ

నా చిన్నప్పుడు మా ఇల్లంటే ఒక్క గది, దానికి ఒక్కటే కిటికీ. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఓ చివరన పనివాళ్ల కోసం కట్టిన క్వార్టర్ల వరసలో మాదొకటి. అరవయ్యో దశకం చివరి సంగతి. మా నాయన హాస్టల్ మెస్సులో వంట చేసేవాడు. అమ్మ ఆడపిల్లల హాస్టల్ వాళ్లకు రవికలు కుట్టేది.

గదిలో ఓ మూల పొయ్యి, ఇంకో మూల బియ్యం డబ్బా, దాని పక్కన ట్రంకు పెట్టె. గోడకు కొట్టిన మేకులకు గుడ్డల మూటలు వేలాడేవి. దారపు రీళ్లు బిస్కెట్ డబ్బాలో, హుక్కులూ గుండీలూ ఖాళీ మందు సీసాల్లో. కత్తిరించగా మిగిలిన ముక్కల్ని పాత సంచుల్లో కుక్కితే అవే మాకు దిండ్లు. అన్నంలో దారప్పోగు రాని రోజు లేదు. నాయన ఆ పోగు తీసి పళ్లెం అంచున పెట్టి, మళ్లీ ముద్ద కలుపుకునేవాడు.

కిటికీ కింద మాత్రం తాతయ్య మంచం ఉండేది. మా నాయన వాళ్ల నాయన. ఊళ్లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోతే తెచ్చి అక్కడ పడుకోబెట్టారు. పుట్టినప్పటి నుంచీ పొలాల్లో తిరిగిన మనిషికి చివరికి ఆ కిటికీ ఒక్కటే మిగిలింది. క్లాసులకు పోయే పిల్లలు, సైకిళ్లు, రాళ్ల గుట్ట మీద మేకలు, అన్నీ చూసి నాకు చెప్పేవాడు. 'ఎర్ర చీర పిల్ల ఇయ్యాల ఒక్కతే పోతున్నది, దోస్తుతోని పంచాయితీ అయినట్టున్నది' అనేవాడు. మర్నాడు ఆ ఇద్దరూ కలిసి కనబడితే మా ఇంట్లో పెళ్లయినంత సంబరపడేవాడు.

అమ్మది చేతి మిషన్. కుడిచేత్తో తిప్పుతూ ఎడమ చేత్తో గుడ్డ నడపాలి. ఎండాకాలమంతా వాకిట్లో కూర్చుని కుట్టేది. ఆ ఏడు వానలు మొదలయ్యాక లోపలికి, పొయ్యి పక్క చీకట్లోకి వచ్చింది. ఇంకేముంది, కుట్టు వంకర పోవడం మొదలైంది. ఒక హాస్టల్ అమ్మాయి రవిక తెచ్చి అమ్మ ఒళ్లో పడేసి, 'ఇట్లయితే తార్నాకల దర్జీకిస్తం' అని వెళ్లిపోయింది. అమ్మ మొహం మాడిపోయింది. మా అక్కను అప్పటికే బడి మాన్పించి ఒకరింట్లో పనికి పెట్టారు. అమ్మ కుట్టు ఆగితే తర్వాతి వంతు నాదే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే వారంలో తార్నాకలో ఉండే ప్రొఫెసర్ గారి భార్య అమ్మను పిలిపించింది. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి, మంచిది. 'నేను కొత్తది కొనుక్కుంటున్నాను. ఈ కాలి మిషన్ నీకు ఊరికే ఇచ్చేస్తానమ్మా. పెట్టుకోవడానికి చోటుందా మరి? ఆదివారంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకళ్లు అడుగుతున్నారు' అంది. అమ్మ ఆ మిషన్‌ను చేత్తో నిమిరి, 'చూస్తనమ్మా' అంది. నేనూ అమ్మ వెంట పోయాను. తిరిగి ఇల్లు దగ్గరికొచ్చాక తనలో తనే, 'ఏడ పెడుదు? ఎనక వరండాల పెడితే జల్లుకు మిషను పాడైతది' అంది. లోపలికొచ్చి గది నడుమ నిలబడి చుట్టూ చూసింది. ఆమె చూపు తాతయ్య మంచం దాకా పోయి చటుక్కున తిరిగి వచ్చేసింది. మామను కన్నతండ్రి లెక్క చూసుకునేది. నోరు తెరిచి ఆ మాట అనే మనిషి కాదు.

అమ్మ అనలేనిది నేను చేశాను. తొమ్మిదేళ్లు నాకు. శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో తాతయ్య ఒక్కడే కళ్లు మూసుకుని ఉన్నాడు. నేను అమ్మ టేపు తీసి, కొసకున్న ఇత్తడి బిళ్లను మంచం తలాపున పెట్టి, కాళ్ల వైపుకు లాగాను. పడుకున్న మనిషి పక్కన కొలత పట్టకూడదు. మా వాళ్లు పాడె కట్టేటప్పుడే అట్లా కొలుస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ పాడు పని చేశాను. మిషన్ తప్ప నా కళ్లకు ఇంకేమీ కనబడలేదు మరి.

నేను కాళ్ల దగ్గరికి చేరేసరికి తలాపున బిళ్ల జారిపోయేది. రెండుసార్లు అట్లాగే జారింది. మూడోసారి జారలేదు. ఏమిటా అని చూస్తే, తాతయ్య తన ఆడే చేత్తో ఆ బిళ్లను మంచం పట్టె మీద అదిమి పట్టుకుని ఉన్నాడు. కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చెంప పగలగొట్టినా బాగుండేది. 'కొలువు బిడ్డా, సక్కగ కొలువు. వంకర పట్టకు' అన్నాడు. కొలిచాను. 'మిషను పడతదా?' అని అడిగాడు. రాత్రి అమ్మ నాయనతో మిషన్ సంగతి చెప్పడం విన్నట్టున్నాడు. 'పడతది తాతా. కుర్చీ గూడ పడతది' అన్నాను. ఛీ, ఆ కుర్చీ మాట ఎందుకన్నానో! ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తర్వాత, 'గీ కొలిచిన ముచ్చట మీ అమ్మకు చెప్పకు. చెప్తే ఆ మిషను ముట్టది' అన్నాడు.

ఆ సాయంత్రం నాయన ఇంటికి రాగానే తాతయ్య మొదలుపెట్టాడు. 'గీడ నాకు గాలి ఆడుతలేదు. నా మంచం ఎనక వరండాల ఎయ్యి.' 'వానకాలంల వరండా ఏంది నాయినా, సలి పెడతది' అని నాయన ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు పొద్దున, మధ్యాహ్నం కూడా అన్నం పళ్లెం పక్కకు నెట్టేశాడు. 'ముసలోనికి మొండి ఎక్కింది' అని నాయన విసుక్కుంటూ మంచం మార్చాడు. వరండా చుట్టూ గోనె పట్టాలు కట్టాడు. అక్కడి నుంచి చూస్తే పక్క క్వార్టర్ వాళ్ల గోడ తప్ప ఇంకేమీ కనబడదు. అమ్మ కళ్లు తుడుచుకుంటూనే ఆదివారం రిక్షాలో మిషన్ తెచ్చింది. మిషన్, కుర్చీ పట్టగా మూటలకూ డబ్బాలకూ కూడా అక్కడే చోటు దొరికింది.

వెలుతురుకు కుట్టు చక్కగా పడింది. హాస్టల్ పిల్లలు మళ్లీ వచ్చారు, నా బడి ఆగలేదు. నేను బడి నుంచి వచ్చి వరండాలో కూర్చుంటే, 'ఇయ్యాల ఎర్ర చీర పిల్ల దోస్తుతోని పోయిందా?' అని అడిగేవాడు. చూడకపోయినా పోయిందనే చెప్పేదాన్ని. గోడ వైపు చూస్తూ వినేవాడు.

వాన పట్టిన పట్టు వదల్లేదు. పట్టాల సందుల్లోంచి జల్లు కొట్టి పక్కబట్టలు తడిసేవి. మూడు వారాలు తిరక్కముందే దగ్గు, జ్వరం. లోపలికి రమ్మని అమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. రాలేదు. తను వస్తే మిషన్ బయటికి పోతుందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. ఒకరోజు పొద్దున ఎగశ్వాస మొదలైంది. పోయే ప్రాణాన్ని మంచం మీద ఉంచరు, ఇంట్లో నేల మీదికి దించాలి. మా ఇంట్లో నేల ఎక్కడుంది? అమ్మా నాయనా కలిసి ఆ మిషన్‌ను మోసుకెళ్లి వానలో పెట్టి, కిటికీ కింద చాప పరిచి ఆయన్ను పడుకోబెట్టారు. 'జాగ ఉన్నది గద మామా! ఎందుకు పోతివి బయటికి!' అని అమ్మ గుండెలు బాదుకుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. కొలిచిన సంగతి చెప్పేయబోయాను. తాతయ్య నా వైపు చూసి తల అడ్డంగా కదిపాడు. చెప్పకు అన్నాడో, ప్రాణం పోయే కదలికో, నాకు తెలియదు. మధ్యాహ్నానికి పోయాడు.

పదకొండు రోజులు అక్కడ దీపం పెట్టారు. పన్నెండో రోజు అమ్మ మిషన్ తుప్పు తుడిచి, నూనె వేసి, కుట్టడానికి కూర్చుంది. ఆ కుట్టు మీదే నేను చదువుకున్నాను, టీచర్నయ్యాను, రిటైరయ్యాను.

ఇస్తున్నట్టు తెలిస్తే అమ్మ తీసుకోదని, తెలియకుండా ఇచ్చాడు. పైగా మొండివాడన్న పేరు మోశాడు. అంత మనసు నాకు రాలేదు. ఒకరికి చిన్న సాయం చేసినా నాలుగిళ్లకు చెప్పుకునే రకాన్ని నేను. ఆయన దినం వచ్చినప్పుడల్లా అమ్మ, 'ఎంత మొండోడే మా మామ! చేతులార వానల పడి పోయిండు. అంతే గద బిడ్డా?' అనేది. నేను అంతేనమ్మా అనేదాన్ని. అమ్మ కూడా పోయి చాలా ఏళ్లయింది. ఇక దాచాల్సిన అవసరం ఎవరి కోసమూ లేదు. అయినా మా మనవలు, 'మీ తాతయ్య ఎట్లా పోయాడు అమ్మమ్మా?' అని అడిగితే, గాలి కోసం వరండాలోకి పోయి జబ్బు తెచ్చుకున్నాడనే ఇప్పటికీ చెబుతున్నాను.