గుడ్డముక్కల పుస్తకం

ఆదోని బజారులో దర్జీ గోవిందన్న చేతిపని మంచిదే కాని, మాట నిలిచేది కాదు. ఎవరొచ్చినా రేపు రమ్మనేవాడు. కావాలని అబద్ధమాడేవాడు కాదు. రేపటికి అన్నీ కుట్టేస్తానని నిజంగానే నమ్మేవాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు, శ్రావణమాసం ముందర, పెద్దకడుబూరు నుంచి వీరమ్మ అనే కూలిమనిషి పచ్చపూల చీటిగుడ్డ తెచ్చి, కొలతలిచ్చి, కూతురికి పావడ, రవిక కుట్టమంది. ఉరుకుంద జాతరకు పిల్ల కట్టుకోవాలట. తర్వాత రెండుసార్లు పని మానుకుని నడిచొచ్చింది. రెండుసార్లూ అతను రేపన్నాడు. మళ్లీ ఆమె రాలేదు.

జాతర అయిపోయాక మూటలు సర్దుతుంటే ఆ గుడ్డ కత్తెర పడకుండానే బయటపడింది. భార్య భీమక్క చూసి, "ఆ పిల్ల జాతరకు ఏం కట్టుకుని పోయింటాదో" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది గోవిందన్నకు.

మర్నాడు పొద్దున్నే బట్టల బేళ్లకు చుట్టివచ్చే మందపాటి కాగితాలను కత్తిరించి, మడిచి, మిషను మీదే పుస్తకంగా కుట్టాడు. వారానికో పేజీ, రోజుకో గడి. రాయడం అతనికి అంతంతమాత్రం. అందుకని ఏ గుడ్డ వచ్చినా అంచున చిన్న ముక్క తీసి, ఇస్తానన్న రోజు గడిలో గుండుసూదితో గుచ్చేవాడు. మూడు ముక్కలు పడితే ఆ రోజు నిండినట్టే. ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఖాళీ గడి చూపించేవాడు. కొందరు విసుక్కుని వేరే దర్జీ దగ్గరికి పోయారు. ఉన్నవాళ్లకు మాత్రం చెప్పిన రోజుకు బట్టలు అందసాగాయి.

అన్నిటికంటే ముందు గుచ్చింది పచ్చపూల ముక్కనే. అనుకున్న రోజుకే కుట్టాడు కూడా. కాని దాన్ని తీసుకుపోయి ఇవ్వాలంటే ముఖం చెల్లలేదు. వానలని ఒక వారం, దసరా పనులని ఇంకో వారం ఆ ముక్కను పీకి తర్వాతి వారం గడిలో గుచ్చుతూ పోయాడు. పత్తి తీతలు మొదలయ్యాయి.

చివరికి భీమక్కే అంది: "ఆ ముక్క ఇంకా ఎన్ని దినాలు జరుపుతావు? ఈ పొద్దు పో."

ఎమ్మిగనూరు బస్సెక్కి పెద్దకడుబూరులో దిగాడు. వీరమ్మ గుడిసె ముందు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. పావడ అందుకుని కూతురి నడుముకు ఆనించి చూసింది. అది చీలమండలకు బెత్తెడు పైనే ఆగింది.

"పిల్ల పొడుగైపోయిందిలేన్నా. మా సెల్లెలి కూతురికిస్తా."

"తప్పు నాదేనమ్మా. కొలత తీసుకుని ఇంకోటి కుట్టి తెస్తా. గుడ్డ నేనే పెట్టుకుంటా" అన్నాడతను.

వీరమ్మ మళ్లీ ఒక కాయ తీసి ఒలిచింది.

"వద్దన్నా. నువ్వు తెస్తానంటావు. పిల్ల మళ్లా ఎదురుసూస్తాది."

 గోవిందన్న ఆమె ఇచ్చిన నీళ్లు తాగి వచ్చేశాడు.

తర్వాత చాలా ఏళ్లు అతని మాట తప్పలేదు. బజారులో నలుగురూ మెచ్చుకుంటుంటే తల వంచుకుని కుట్టుకునేవాడు. సంతరోజున వీరమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని అంగడి ముందునుంచే పోయేది, ఇటు తిరిగేది కాదు. ఆమె మలుపు దాటేదాకా గోవిందన్న కాలు మిషను మీద ఆడేది కాదు.