పోస్టులో పద్యం పాడిందెవరు

మేం మంచుకొండల మీది ఆర్మీ పోస్టుకు చేరింది ఉదయం పదకొండూ ఇరవైకి. హెలికాప్టర్ కింద ఆనలేదు. మనిషి ఎత్తున గాలిలో నిలబడితే సంచులు ముందు విసిరి, వాటి వెనక మేం దూకాం. ఎత్తు పద్దెనిమిది వేల అడుగులు. చలి సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద. పోస్టు పేరు రాయను, రాయకూడదు. నేను కంకిపాడులో పుట్టినవాణ్ణి. ఏ పక్క చూసినా వరిచేలు, కాలవగట్లు. ఇక్కడ చూడ్డానికి తెలుపు తప్ప ఏమీ లేదు. మొదటి రోజంతా చూపు దేనిమీద నిలపాలో తెలియలేదు.

ఉన్నది ఒక ఫైబర్ గుడిసె. ఐదుగురం. మధ్యలో కిరోసిన్ స్టవ్. దాని మసి ముక్కులోకి, అన్నంలోకి, నిద్రలోకి కూడా వచ్చేది. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. బయటికి వెళ్తే నడుముకు తాడు. గంటకోసారి రేడియోలో కింద ఉన్న స్థావరానికి, అంటే బేస్‌కు అంతా క్షేమమని చెప్పాలి.

పోస్టు కమాండర్ హవల్దార్ సాబ్ ఉత్తరాది కొండల మనిషి. తెలుగు ఒక్క ముక్క రాదు. మందులు చూసే నర్సింగ్ అసిస్టెంట్ మలయాళీ. రేడియో ఆపరేటర్ కరీం మాత్రం మన విజయవాడ వన్‌టౌన్ వాడు, దర్జీ కొడుకు. మాది కంకిపాడని చెప్పగానే, తన వంతు చాయ్ నా మగ్గులో పోశాడు.

కరీంకు పాడటం వచ్చు. సినిమా పాటలు వరసగా పాడేవాడు. నాకు రాదు. నా దగ్గర ఒక వాక్‌మన్, నాలుగు క్యాసెట్లు ఉండేవి. అన్నీ బీట్ పాటలే. చలికి బ్యాటరీలు చచ్చిపోకుండా చంకలో పెట్టుకుని పడుకునేవాణ్ణి. చంకలో పెట్టినా మూడు వారాలకు అయిపోయాయి.

నాన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయనది సేద్యం. పౌరాణిక నాటకాల్లో చిన్న చిన్న వేషాలు కట్టేవారు. పద్యం ఎత్తుకుంటే చివర నిమిషం పాటు రాగం తీసేవారు. కాలేజీలో నా స్నేహితులు ఆ రాగాన్ని మేకలా అరిచి వెక్కిరిస్తే నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇంట్లో ఆయన పద్యం మొదలెడితే టేప్ రికార్డర్ సౌండు పెంచేవాణ్ణి.

నలభై ఏడో రోజున మంచు తుఫాను మొదలైంది. మర్నాటికి హవల్దార్ సాబ్‌కు దగ్గు పట్టింది. మధ్యాహ్నానికి ఉమ్ములో ఎర్రటి నురగ కనిపించింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని, వెంటనే కిందికి దించకపోతే దక్కరని నర్సింగ్ అసిస్టెంట్ చెప్పాడు. ఆక్సిజన్ సిలిండర్లు రెండే ఉన్నాయి. కరీం బేస్‌ను పిలిచాడు.

"గాలి తగ్గేదాకా హెలికాప్టర్ రాదు" అన్నారు అటునుంచి. "పడుకోనివ్వకండి. మాట్లాడిస్తూ ఉండండి. ఓవర్."

అప్పుడు టైం రెండూ పది. సాబ్‌ను గోడకు ఆనించి కూర్చోబెట్టాం. నర్సింగ్ అసిస్టెంట్ నాడి చూస్తున్నాడు. ఐదోవాడు తలుపు ముందు మంచు తవ్వుతున్నాడు. మాట్లాడించడానికి ఉన్న హిందీ అంతా గంటలో అయిపోయింది. సాబ్ కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఇక్కణ్ణుంచి నాకు గుర్తున్నది గుర్తున్నట్టే రాస్తున్నాను. ఎవరో పద్యం ఎత్తుకున్నారు. నాటకం పద్యం. ఆ ఎత్తులో రాగం తీయడానికి ఊపిరి చాలదు. సగం పాదం పాడటం, ఆగి గాలి పీల్చుకోవడం, మళ్ళీ సగం. రాగం తెగినప్పుడల్లా సాబ్ కళ్ళు తెరిచి మిగతా ముక్క కోసం చూసేవారు. మర్నాడు పదకొండింటికి గాలి తగ్గింది. హెలికాప్టర్ వచ్చింది. సాబ్ బతికారు.

పాడింది కరీమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మాలో పాట వచ్చింది అతనొక్కడికే. విజయవాడలో పెరిగినవాడికి నాటకం పద్యాలు చెవిన పడకుండా ఉండవులే అని సమాధానం చెప్పుకున్నాను. ఎత్తు దిగాక మాలో ఎవరమూ ఆ రోజు గురించి మాట్లాడుకోలేదు.

రెండేళ్ళకు నాన్న పోయారు. నేను యూనిట్‌లో ఉన్నాను. కబురు అంది, బయల్దేరి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

రిటైరై విజయవాడలో ఒక ఆస్పత్రికి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. అప్పటినుంచే నా చెవులకు ఏదో అయింది. ఒకప్పుడు ప్రాణం పెట్టిన బీట్ పాటలు వింటుంటే ఒళ్ళు చిరచిరలాడేది. ఒకరోజు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే నాటకం పద్యం తగిలింది. తీసేద్దామని వేలు పెట్టి కూడా తీయలేదు. తర్వాత రోజూ వినడం మొదలుపెట్టాను. మా ఆవిడకు అంతుపట్టలేదు. మామయ్యగారు పాడితే విసుక్కునేవారు కదా, ఇదెప్పట్నుంచండీ అంది. మా అమ్మాయి ఇయర్‌ఫోన్స్ కొనిచ్చింది. పోస్టులో కరీం పాడినందువల్ల అలవాటైందని చెప్పాను. చెప్పాక అది నిజంలాగే ఉంది.

పోయిన వానాకాలం హనుమాన్ జంక్షన్‌లో కరీంను కలిశాను. లారీలకు సీట్లు కుట్టే షాపు పెట్టాడు. గడ్డం నెరిసింది. చాయ్ తెప్పించాడు. కాసేపు కూర్చున్నాక, నీ పద్యాల పుణ్యమా అని ఇప్పుడు నాకు వేరే పాట ఎక్కడం లేదని నవ్వుతూ అన్నాను. కరీం చేతిలోని సూది ఆపాడు.

"నా పద్యాలేంట్రా? ఆ రోజు పాడింది నువ్వు."

హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు.

"నేను సెట్టు దగ్గర కూర్చున్నా, నాకు నోరే పెగల్లేదు" అన్నాడు. "నీ పెదాలు పగిలి నెత్తురొస్తన్నా ఆపలేదు. గంటగంటకీ సెట్టు ఆన్ చేస్తే నీ గొంతు బేస్‌కి వినపడింది. ఎవరేడుస్తున్నారని ఆఫీసరు అడిగాడు. ఏడుపు కాదు సార్, మావాడు పద్యం పాడతన్నాడని నేనే చెప్పా."

నాకొక్క పద్యం కూడా రాదన్నాను. రాకుండా రాత్రంతా ఏం పాడావురా అన్నాడు.

అతని ఫోన్లో సాబ్ నంబరు ఉంది. అక్కడే షాపులో కూర్చుని చేశాం. సాబ్‌కు డెబ్బై దాటాయి. ఇద్దరినీ గుర్తుపట్టి మురిసిపోయారు. ఆ రోజు పాడిందెవరు సాబ్ అని కరీం హిందీలో అడిగాడు.  ఎవరూ పాడలేదే, రేడియో మోగుతూ ఉండింది కదా అన్నారు.

కరీం నావైపు చూశాడు. నేను రోడ్డు మీద లారీల వైపు చూశాను.

ఇంటికొచ్చి, ఎవరూ లేనప్పుడు గది తలుపేసుకుని ఆనాటి పద్యం పాడబోయాను. మొదటి పాదం వచ్చింది. రెండోదీ వచ్చింది. ఎవరూ నేర్పని పద్యం చివరిదాకా వచ్చేసింది. ఫోన్‌లో రోజూ వింటున్నాను కాబట్టి వచ్చిందేమో. కానీ నాలుగో పాదానికి ముందు నేను చిన్నగా గొంతు సవరించుకున్నాను. ఫోన్‌లో పాడే ఏ నటుడూ అలా చేయడు. నాన్న చేసేవారు. ఇది చాలదా సాక్ష్యానికి అనుకున్నాను. చాలలేదు. గుడిసె గుర్తుంది, సాబ్ కళ్ళు గుర్తున్నాయి, రాగం తెగిన ప్రతిచోటూ గుర్తుంది. పాడుతున్న నోరు మాత్రం కనిపించదు. నా నోరు నాకు కనిపించదు కాబట్టా, లేక అది నాది కాదు కాబట్టా? కరీం అబద్ధం చెప్పడు. సాబ్ కూడా చెప్పరు. మరి నేను ఇన్నేళ్ళూ మోసుకు తిరిగింది ఎవరి జ్ఞాపకం?

ఒక్కటి మాత్రం నాకు గంటా నిమిషంతో సహా తెలుసు. అందులో మూడోవాడి సాక్ష్యం అక్కర్లేదు.

పోస్టులో నా గడువు ముగించుకుని ఇంటికొచ్చిన రోజు. విజయవాడ స్టేషన్‌లో తెల్లవారుజామున ఐదూ నలభైకి దిగాను. బస్సెక్కి కంకిపాడు చేరేసరికి ఏడూ పది. భుజాన కిట్ బ్యాగు, ముక్కు మీద చలికి కాలిన మచ్చ. మా వీధి మలుపు తిరగ్గానే నాన్న గొంతు వినిపించింది. పద్యం అయిపోయి రాగంలో ఉన్నారు. నేను ఎందుకో నిలబడిపోయాను. అది పూర్తయ్యేదాకా ఉండాల్సింది. ఉండలేదు. గేటు తీశాను. చప్పుడుకు రాగం మధ్యలో ఆగిపోయింది.

వరండాలో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. నన్ను చూసి, చేయకూడని పని చేస్తూ దొరికినట్టు నవ్వారు. "వచ్చావా నాన్నా" అని గబగబా లోపలికి వెళ్ళి టీవీ పెట్టారు. పాటల ఛానెల్ వెతికి, నాకిష్టమని డాన్సు పాట పెట్టి, సౌండు పెంచారు. ఆ మోత నా పుర్రెలో కొట్టినట్టుంది. ఆపమనలేదు. ఇందాకటి రాగం పూర్తిచేయమని అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పటికీ తెలియదు.

ఆయన ఒక చెంప నున్నగా, ఇంకో చెంప మీద నురగతో, రిమోట్ పట్టుకుని, పాట నాకు నచ్చిందో లేదో అని నా మొహంలోకే చూస్తూ నిలబడ్డారు.