పప్పు ఉడకని నీళ్ళు

కోపం మనిషిని తినేస్తుందంటారు. అలా అనేవాళ్ళ బావిలోకి ఎవరూ ఉప్పు నీళ్ళు వదిలి ఉండరు. కొత్తగూడ చంద్రమ్మ మాత్రం ఆ కోపం మీదే బతికింది.

ఆమెకు ఇంటి వెనక ఒక బావి, దాని చుట్టూ ఆకుకూర మళ్ళు. బావి తవ్వింది ఆమె పెనిమిటి ఎల్లయ్య. రాయి తగిలితే రాయిని పగలగొట్టి, చేతులు పుండ్లు చేసుకుని, నీళ్ళు పడ్డ రోజున మొదటి దోసిలి పెళ్ళానికే తాగించాడు. ఆయన పోయాక ఆ బావే ఆమెకు అన్నం పెట్టింది. పొద్దున్నే తోటకూర, పాలకూర, కొత్తిమీర కట్టలు గంపకెత్తుకుని, అప్పుడప్పుడే లేస్తున్న అద్దాల మేడల చుట్టుపక్కల తిరిగి అమ్ముకొచ్చేది. తాగేనీళ్ళకు వాడకట్టు ఆడవాళ్ళంతా ఆ బావికే వచ్చేవాళ్ళు.

"చంద్రమ్మ బాయి నీళ్ళల్ల పప్పు వెన్నలెక్క ఉడుకుతది" అనేవాళ్ళు. ఆ మాట విన్న రోజున చంద్రమ్మ కాళ్ళు నేలమీద నిలిచేవి కావు.

బావి పక్కనున్న గోడకు అవతలి స్థలాన్ని పట్టాభిరామయ్య కొన్నాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మహా తియ్యన. కొత్తగా వస్తున్న కంప్యూటర్ ఆఫీసులకు క్యాన్లలో మంచినీళ్ళు అమ్మే వ్యాపారం మొదలుపెట్టాడు. బోరు దింపించాడు, చాలక ఇంకా దింపించాడు. పడ్డ నీళ్ళు ఉప్పన. అయినా ఆయన చలించలేదు. ఉప్పు తీసే మిషను తెప్పించాడు.

"గల్ఫ్‌లో సముద్రాన్నే మంచినీళ్ళు చేసుకుని తాగుతున్నారండీ, ఇదెంత!" అని వచ్చినవాళ్ళందరికీ మిషను చూపించేవాడు.

ఆ మిషను ఒక గొట్టంలోంచి మంచినీళ్ళిస్తుంది. తీసేసిన ఉప్పంతా కలిసిన నీళ్ళను ఇంకో గొట్టంలోంచి బయటికి తోసేస్తుంది. ఆ రెండో గొట్టాన్ని ఆయన ఎవరికీ చూపించలేదు. గోడవారగా గుంత తవ్వించి అందులోకి వదిలాడు.

బోరు పడ్డ ఎండాకాలమే చంద్రమ్మ బావి అడుగంటింది. మళ్ళు వాడిపోయాయి. బావి ఉన్న మనిషి బిందె పట్టుకుని టాంకరు దగ్గర నలుగురితో తన్నులాడింది. ఇక ఆశ వదిలేసుకున్న రోజుల్లో, ఒక పొద్దున బొక్కెన వేస్తే అడుగున రాయి మోగలేదు. నీళ్ళలో మునిగిన చప్పుడైంది.

చంద్రమ్మకు ఏడుపాగలేదు. గిలకకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది, బావిలోకి చూస్తూ హారతిచ్చింది. "గంగమ్మ తల్లి మల్లొచ్చింది, రాండ్రే!" అని వాడకట్టంతా వినేట్టు కేకేసింది. తల్లికిచ్చి, ఊరికిచ్చి, ఆఖరున తాను తాగాలని మొక్కుకుని ఉంది కనుక చుక్క నోట్లో వేసుకోకుండా అందరి బిందెలూ నింపి పంపింది.

మధ్యాహ్నానికి ఆ బిందెలే తిరిగొచ్చాయి.

"ఏం నీళ్ళు పోసినవే చంద్రమ్మా? పొద్దటిసంది పొయ్యి మీదున్నా పప్పు ఉడుకుతలేదు. చాయ పెడితే పాలిరిగినయి" అంది పార్వతమ్మ, అందరికంటే ముందు వచ్చి బిందె బోర్లించి.

చంద్రమ్మ దోసిట్లో తీసుకుని తాగింది. ఉప్పు, చేదు. నీళ్ళెక్కడి నుంచి ఊరుతున్నాయా అని బావి అంచు పట్టుకుని వంగి చూస్తే గోడవైపు రాళ్ళు తడిగా ఉన్నాయి. గోడెక్కి చూస్తే అవతల గుంత, గుంతలోకి గొట్టం.

పంట పోయిన బాధ ఒక ఎత్తు. తాను పసుపు కుంకుమలు పెట్టి హారతి పట్టింది పట్టాభిరామయ్య పారబోసిన నీళ్ళకని తెలిసిన సిగ్గు ఒక ఎత్తు. ఆ సిగ్గును ఆమె చచ్చేదాకా మరిచిపోలేదు.

వాడకట్టును వెంటబెట్టుకుని ఆయన గేటు ముందు నిలబడింది. పట్టాభిరామయ్య నవ్వుతూ బయటికొచ్చాడు.

"అవి మంచినీళ్ళేనమ్మా. ఒట్టి లవణాలు, ఒంటికి బలం. ఎండిపోయిన బావి నింపినందుకు మీరు నాకు దండం పెట్టాలి!"

కొందరు నవ్వారు. వాళ్ళెవరెవరో చంద్రమ్మ చూసి పెట్టుకుంది.

"మంచియేనా సారూ?"

"మంచివేనమ్మా."

"పదిమందిల అంటున్నవు మల్ల."

"అంటున్నాను, పోండి."

ఆమె నిజంగానే దండం పెట్టి ఇంటికొచ్చేసింది. ఆ మాటను కొంగున ముడేసుకుంది. మళ్ళలో నేల తెల్లగా పొరలు కడుతుంటే రోజూ చూస్తూ కూర్చుంది, కోపం చల్లారకుండా.

దసరాకు పట్టాభిరామయ్య మిషనుకు పూజ, పెద్ద విందు పెట్టుకున్నాడు. కొత్త అద్దాల మేడలోని ఒక కంపెనీకి నీళ్ళు పోసే ఒప్పందం ఆ రోజే ఖాయం కావాలి. కంపెనీ తరఫున రంగనాథ్ అనే ఆఫీసరు తన వాళ్ళతో వచ్చాడు. పూజ కనుక మిషను ఆపారు. నిండిన క్యాన్లేమో బంతిపూలు చుట్టి అతిథులకు కనబడేట్టు పేర్చారు, వాటి మీద చెయ్యి వెయ్యడానికి లేదు. మియాపూర్ నుంచి వచ్చిన వంటమనిషి యాదయ్య నీళ్ళు లేక గోడ మీంచి తొంగిచూశాడు.

"అక్కా, మీ బాయి నీళ్ళు వంటకు మంచియేనా?"

ఇక్కడ ఇంకొకరైతే నిజం చెప్పి పంపేవాళ్ళు. చంద్రమ్మ చెప్పలేదు.

"నన్నడగకు తమ్మీ. మీ సారునడుగు, నలుగురి ముందట అడుగు."

యాదయ్య అలాగే అడిగాడు. పక్కన రంగనాథ్, గేటు దగ్గర వాడకట్టు జనం, గోడ మీంచి చంద్రమ్మ కళ్ళు. పట్టాభిరామయ్య ఆ నీళ్ళు ఒక్కనాడూ నోట పెట్టి ఎరగడు.

"మంచివేనయ్యా, తోడుకో" అన్నాడు విసుగ్గా.

బొక్కెన ఆమే పట్టుకుంది. తాడు ఆమే లాగింది. అంత ఇష్టంగా చంద్రమ్మ ఎవరికీ నీళ్ళు తోడి ఎరగదు.

విస్తళ్ళు వేసేవేళకు కందిపప్పు గులకరాళ్ళలాగే ఉంది. పాయసం విరిగి ముద్దలు కట్టింది. రంగనాథ్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పక్కకు ఉమ్మేశాడు.

"మా వాళ్ళతో తాగించబోయేది ఈ నీళ్ళేనా?"

"అయ్యో కాదండీ! ఇవి ఈ పక్క బావి నీళ్ళండీ, తాగడానికి పనికిరావు" అనేశాడు పట్టాభిరామయ్య.

వాడకట్టంతా విన్నది. చంద్రమ్మ చెంబు నిండా నీళ్ళతో గేటు దాటి ఆయన విస్తరి ముందుకే వచ్చింది.

"నాడు మంచియన్నవు, గిప్పుడు కాదంటున్నవు. గివి నీ మిషను నా బాయిల పోసిన నీళ్ళే సారూ. మంచియైతే తాగు. కాకుంటే నా బాయినెందుకు సంపినవో గీ సార్లకు జెప్పు."

చెంబు ఆయన చేతికొచ్చింది. నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. రంగనాథ్ చెయ్యి కడుక్కోవడానికి కూడా నీళ్ళడగకుండా కారెక్కాడు. అప్పుడు చంద్రమ్మ నవ్వింది, అందరికీ వినబడేట్టు. నాడు నవ్వినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నవ్వింది.

ఆ కబురు అన్ని ఆఫీసులకూ పాకింది. పట్టాభిరామయ్య మిషను విప్పుకుని పోయాడు. బావి మళ్ళీ ఎండి, అడుగున తెల్లటి పెచ్చు మిగిలింది.

"నీ పగ తీరింది గద, ఇగ ఊకో" అంది పార్వతమ్మ.

"బాయొచ్చిందా? ఎట్ల తీరుతది?"

కొన్నాళ్ళకు, అదే మనిషి పుప్పాలగూడలో ఒక బావి పక్కన స్థలం చూస్తున్నాడని కబురొచ్చింది. చంద్రమ్మ అటకెక్కి, దాచిపెట్టిన సీసా ఒకటి దించింది. బావి రెండోసారి ఎండకముందు తోడి పెట్టుకున్న ఆఖరి ఉప్పునీళ్ళవి. కొంగులో గుప్పెడు కందిపప్పు మూటగట్టుకుని బస్సెక్కింది. ఆ బావి దగ్గర నీళ్ళు తోడుకుంటున్న ఆడవాళ్ళ ముందు సీసా, పప్పు పెట్టి, కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"జర పొయ్యి ముట్టియ్యుండ్రి బిడ్డా. గీ నీళ్ళల్ల గీ పప్పు ఎయ్యుండ్రి. ఉడికేదాంక నేనీడనే కూసుంట."