మూతలేని రేకుపెట్టెతో కలకత్తాకి

నీలిమా, మొన్న నీ పుట్టినరోజు భోజనాల దగ్గర అందరినీ బాగానే నవ్వించావు గానీ, నువ్వు చెప్పిన కథలో ఒక తప్పుంది. మీ ముత్తాత ఎక్స్‌రే ఫిల్ముకి రేకుపెట్టె చేసి, దానికి మూత పెట్టడం మరిచిపోయాడన్నావు. మా మామగారు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళు రేకు పని చేసిన మనిషి. ఆయన మూత మరిచిపోవడమంటే నేను పులుసులో ఉప్పు మరిచిపోవడం లాంటిది. అదీ జరిగిందని మీ తాత అంటాడు, నమ్మకు. మామగారు మరిచిపోలేదు. కావాలనే పెట్టలేదు.

నువ్వూ ఇప్పుడు స్టూడెంట్ వీసాకని అదే దారిన కలకత్తా వెళ్తున్నావు. నీలాంటి వాళ్ళు ఇంకొందరు ఈ బ్లాగు చదువుతారు. అందుకని ఆ రోజు ఎలా గడిచిందో వరసగా రాస్తున్నాను. ఆ ప్రయాణం మీ రాజీ మామ్మది, అంటే మా ఆయన చెల్లెలు రాజేశ్వరిది. నేను తోడు వెళ్ళిన వదినని. తనని అడిగే రాస్తున్నాను. "రాసీ వదినా, ఈ వొయిసులో నాకేటి పెళ్ళిసంబంధం తప్పిపోతాదా?" అంది ఫోన్‌లో.

అవి అరవైల చివరి రోజులు, ఆషాఢం వానలు. నాకు పెళ్ళై నాలుగేళ్ళు, రైల్వే బడిలో తెలుగు చెప్పేదాన్ని. రాజేశ్వరికి ఇరవై రెండు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ ముగించింది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం వాళ్ళు చదువుకి సాయం ఇస్తాం, సెప్టెంబరులో వచ్చి చేరమని ఉత్తరం రాశారు. చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. పాస్‌పోర్టు వచ్చింది, మశూచి టీకా చీటీ వచ్చింది. మిగిలింది వీసా. దానికి ఛాతీ ఎక్స్‌రే ఫిల్ము పట్టుకెళ్ళి, ముందుగా కలకత్తాలో కాన్సులేటు వాళ్ళు పేరిచ్చిన డాక్టరుకి చూపించాలి. ఆయన సంతకం పెడితేనే కాన్సులేటు గుమ్మం ఎక్కడం.

ఫిల్ము రైల్వే ఆసుపత్రిలో తీశారు. తీసుకురావడానికి మామగారు తానే వెళ్ళారు. ఇంట్లో ఎవరికీ చూపించలేదు. మర్నాడు తెల్లవారుజామున మేము బయల్దేరేసరికి, గుడ్డసంచిలో పెట్టి నోరు కుట్టేసిన పలకలాంటిది తెచ్చి నా చేతిలో పెట్టారు. పెద్ద పళ్ళెమంత వెడల్పు, బొటనవేలంత మందం.

"దారిలో ఇప్పకండమ్మా. వాన పడినా లోనికి సుక్క పోదు," అన్నారు.

"డాక్టరు దగ్గర ఎలా తియ్యాలి మామయ్యా?"

"తెలిసినోడికి తెలుస్తాది," అని గొడుగు కూడా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన మాటకి అర్థం అడిగే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు.

మేముండే మలంచా పేట నుంచి ఖరగ్‌పూర్ స్టేషనుకి రిక్షాకి ఎనిమిదణాలు. అప్పటికి నయాపైసలు వచ్చి ఏళ్ళయినా రిక్షావాళ్ళు అణాల్లోనే బేరమాడేవారు. రైలుకి మాత్రం పైసా ఖర్చు లేదు. రాజేశ్వరిది తండ్రి రైల్వే పాసు, నాది మొగుడి పాసు. అయిదు దాటాక కదిలే ప్యాసింజరులో హౌరాకి మూడు గంటలు. ఆ పొడవాటి ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి ఆడవాళ్ళ పెట్టె ఎక్కాం. మీరు కూడా చివరిదాకా నడవండి, మధ్యలో ఎక్కితే నిలబడాల్సిందే.

మేచేదాలో తమలపాకుల గంపలతో ఆడవాళ్ళు ఎక్కారు. ఒకావిడ మా ఒళ్ళోని సంచి వైపు చూసి, అందులో ఏముందని బెంగాలీలో అడిగింది.

"నా గుండెకాయ," అంది రాజేశ్వరి, బెంగాలీలోనే.

ఎక్స్‌రే అంటే ఏమిటో ఆవిడకి నేను వివరించాను. మనిషిని కొయ్యకుండా లోపల ఉన్నదంతా బొమ్మ తీస్తారని.  ఆవిడ తన గంపని కిందికి దించి, ఆ చోట సంచిని నిలబెట్టమంది. నిలబెట్టాక రెండు చేతులూ ఎత్తి దానికి నమస్కారం పెట్టింది. "లోపలిది చూసేది పైవాడొక్కడే అనుకున్నాను దీదీ," అంది. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేకపోయాను. కోలాఘాట్ దాటగానే రైలు రూప్‌నారాయణ్ నది వంతెన మీదికి వచ్చింది. వానాకాలపు నది, అవతలి గట్టు కనబడటం లేదు.  తమలపాకుల ఆవిడ ఒక నాణెం నీళ్ళలోకి విసిరి, ఇంకోటి రాజేశ్వరి చేతికిచ్చి విసరమంది. ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్ళినా ఆ వంతెన వచ్చేసరికి నేను పుస్తకం మూసేస్తాను. మీరు ఫోను మూసెయ్యండి.

హౌరాలో దిగి పెద్ద వంతెన మీదుగా వెళ్ళే ట్రాము ఎక్కాం. ఇప్పుడు ఆ ట్రాము లేదు, నది కిందుగా మెట్రోలో వెళ్ళిపోవచ్చు. నది పైనుంచి వెళ్ళినదాన్ని, ఈ వయసులో దాని కిందుగా కూడా వెళ్ళొచ్చాను. రెండుసార్లూ నోరు తెరుచుకునే కూర్చున్నాను. ఎస్ప్లనేడులో దిగి, పావుగంట నడిస్తే డాక్టరు గారి గది. పదిన్నరకి మా పేరు పిలిచారు.

ఆయన పెద్దాయన, బెంగాలీ, మెడలో కళ్ళద్దాల తాడు. రాజేశ్వరి సంచి కుట్లు పళ్ళతో తెంపి పెట్టెని బల్ల మీద పెట్టింది. మెరిసిపోతున్న రేకు. ఇటు తిప్పాం, అటు తిప్పాం. మూత లేదు. నాలుగు వైపులా మాటు వేసి ఉంది, సీసం కరిగించి పోసి అతికేసిన అతుకు.

"రసగుల్లాల డబ్బాకి కూడా ఇంత బందోబస్తు ఉండదు," అన్నారు డాక్టరు గారు. "నేను పన్నెండున్నరకి లేస్తాను. ఆలోపు నాకు ఫిల్ము కావాలి, డబ్బా కాదు."

ఆయన గుమస్తా పేపరుకత్తి తీశాడు. రాజేశ్వరి పెట్టెని గుండెకి హత్తుకుంది. "గీసుకుపోతాది వదినా. వేడి పెట్టినా ముడుసుకుపోతాది. నాన్నకి ఏటయింది? మూత పెట్టడానికి ఏటి రోగం?"

"రోగం మీ వంశానిది. నోరిప్పి చెప్పే అలవాటు లేదు. పద."

దగ్గర్లోనే ధర్మతల్లా బజారు వెనక సందులో ట్రంకుపెట్టెలు చేసే దుకాణాలు ఉండేవి. మొదటివాడు చూసి చేత్తో వద్దన్నాడు. రెండోవాడు సుత్తి ఎత్తాడు, మేమే వద్దన్నాం. మూడో దుకాణంలో ఒక ముసలి మిస్త్రీ. ఆయన పెట్టెని ఒళ్ళో పెట్టుకుని, గోటితో అక్కడక్కడ తట్టి, చెవి ఆనించి విన్నాడు. అతుకు వెంట బొటనవేలు నడిపాడు.

"ఎటా కార్ హాతేర్ కాజ్?" అన్నాడు. ఇది ఎవరి చేతి పని అని.

"మా నాన్న. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు," అంది రాజేశ్వరి.

"దీదీ, ఇక్కడ తట్టి చూడు. మూడు వైపులా సరుకు అంచుదాకా ఉంది. ఈ నాలుగో వైపు రెండు వేళ్ళ మేర ఖాళీ. మీ నాన్న ఇది నాకోసం వదిలాడు. ఇక్కడ కొయ్యమని," అన్నాడు మిస్త్రీ.

 ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరు మనుషులు. ఒకడు ఖరగ్‌పూర్‌లో రేకు మీద ఒక మాట చెప్పి పంపాడు, ఇంకొకడు కలకత్తా సందులో బొటనవేలితో విన్నాడు. మధ్యలో ఆ భాష రాని ఇద్దరు డిగ్రీలవాళ్ళం దాన్ని మోసుకొచ్చాం. తెలిసినోడికి తెలుస్తాదన్నది మమ్మల్ని ఉద్దేశించి కాదు.

ఆయన కత్తెర ఆ రెండు వేళ్ళ అంచు మీద కాగితం మీద నడిచినట్టు నడిచింది. తెగిన రేకు పెదవిని చెయ్యి కోసుకోకుండా లోపలికి మడిచి, నూనెగుడ్డతో తుడిచిచ్చాడు. లోపల చెయ్యి పెట్టలేదు. రూపాయి ఇస్తే పావలా తీసుకుని, "పని ఆయనది, నేను తలుపు తీశాను," అన్నాడు.

పన్నెండుకి డాక్టరు దగ్గరున్నాం. ఆయన ఫిల్ముని గోడమీది దీపపు పలకకి తగిలించారు. నేను అంతవరకు ఎక్స్‌రే చూడలేదు. పొద్దుటినుంచి నా ఒళ్ళో ఉన్నది అదా అనిపించింది. రోజూ నాతో వంటింట్లో దెబ్బలాడే పిల్ల ఇదే, వెలుగులో వెదురు పందిరిలా నిలబడింది. పక్కటెముకలు, వాటి మధ్య చీకటి, ఆ చీకట్లో ఒక పక్కకి ఒరిగి గుండె. నేను పక్కనున్న రాజేశ్వరిని చూసి మళ్ళీ గోడని చూశాను. ఏది రాజేశ్వరో చెప్పలేకపోయాను.

డాక్టరు గారు కలంతో పైన కుడివైపు చూపించారు. బియ్యపు గింజంత తెల్లటి మచ్చ.

"ఇదేమిటి?" అన్నారు. మాకేం తెలుసు? "చిన్నప్పుడు క్షయ వచ్చిందా?"

"లేదు," అంది రాజేశ్వరి.

"ఇది పాత మచ్చయితే భయం లేదు. కొత్తదయితే నేను సంతకం పెట్టకూడదు. ఒక్క ఫిల్ముతో చెప్పలేను. ఆరు నెలలాగి ఇంకోటి తీయించుకుని రా, పక్కపక్కన పెట్టి చూస్తాను."

ఆరు నెలలంటే సెప్టెంబరు పోయినట్టే. రాజేశ్వరి ఏడవలేదు. ఖాళీ పెట్టె చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. "వదినా, ఇందులో ఇంకేటో ఉంది," అంది.

వెనక గోడకి ఆనుకుని వెన్నకాగితంలో చుట్టిన ఇంకో ఫిల్ము. పసుపుపచ్చగా మారిన మూల మీద తెల్లసిరాతో రాజేశ్వరి పేరు, వయసు తొమ్మిది. డాక్టరు గారు రెండూ పక్కపక్కన తగిలించారు. ఒకటి చిన్న పందిరి, ఒకటి పెద్ద పందిరి. పిల్ల పదమూడేళ్ళు ఎదిగింది, ఎముకలు ఎదిగాయి, గుండె ఎదిగింది. గింజ మాత్రం అదే చోట, అంతే. ఆయన స్కేలు పెట్టి కొలిచారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పదమూడేళ్ళు ఈ ఫిల్ము దాచింది ఎవరమ్మా? డాక్టర్లే దాచరు."

సంతకం పెట్టారు.

బయట మెట్ల మీద కూర్చున్నాక రాజేశ్వరి అంది: "టైఫాయిడ్ అన్నారు నాతో. అమ్మమ్మ ఊర్లో ఏడాది ఉంచినారు. రోజూ సూది. గోడ మీద బొగ్గుతో గీతలు గీసినాను వదినా, ఎనభై దాకా లెక్కెట్టినాను. టైఫాయిడ్‌కి అన్ని సూదులేటని ఎప్పుడూ అడగనేదు."

అప్పుడు నాకు అంతా అర్థమైంది. పాత జబ్బు పేరు బయటికి పొక్కితే పిల్లకి పెళ్ళి కాదని మా అత్తగారి భయం. అందుకే కోడలినైన నాకూ చెప్పలేదు. కొత్త ఫిల్ములో మచ్చ సంగతి ఆసుపత్రిలో మామగారికి తెలిసే ఉంటుంది. ఎవరికీ చెప్పనని భార్యకిచ్చిన మాట తప్పలేరు, కూతురి దారి మూయలేరు. అందుకని పాత ఫిల్ము వెనక పెట్టి, దారిలో ఎవరూ చూడకుండా, డాక్టరు ముందే బయటపడేలా నాలుగు వైపులా మాటు వేసేశారు. మా ఆయనకి కూడా ముందునుంచీ తెలుసట. ఆ సంగతి ఆయనతో ఇంటికొచ్చాక తేల్చుకున్నాను, ఆ వివరాలు ఈ బ్లాగుకి అవసరం లేదు.

రెండు గంటలకి కాన్సులేటు. వరసలో కూర్చున్నాక రాజేశ్వరి తన ఫారం తీసింది. క్షయ వచ్చిందా అన్న చోట ఇంట్లోనే 'లేదు' అని రాసి ఉంది. డాక్టరు సంతకం ఉంది కదా, వదిలెయ్యమన్నాను. ఇప్పటికీ ఆ మాట అన్నందుకు సిగ్గుపడతాను. తను నా వైపు చూసి, 'లేదు' కొట్టేసి, 'అవును, తొమ్మిదో ఏట, నయమైంది' అని రాసి పక్కన పొట్టి సంతకం పెట్టింది. లోపల దొర ఆ కొట్టివేత మీద వేలు పెట్టి అడిగాడట. ఈ రోజే తెలిసిందని చెప్పి రెండు ఫిల్ములూ చూపించిందట. నాలుగింటికి పాస్‌పోర్టులో ముద్ర పడింది.

సాయంత్రం రైలు దిగేసరికి మామగారు ప్లాట్‌ఫారం మీదున్నారు, గొడుగు లేకుండా, తడిసి. వీసా వచ్చిందా అని అడగలేదు. రాజేశ్వరి చేతిలోంచి పెట్టె తీసుకుని దీపం కిందికి నడిచారు.

"అంచు ఎవులు కోసినారు?"

"ధర్మతల్లాలో ఒక ముసలి మిస్త్రీ, నాన్నా."

మడిచిన పెదవి మీద బొటనవేలు ఈ చివరినుంచి ఆ చివరిదాకా నడిపారు. "బాగా కోసినాడు," అన్నారు. రాజేశ్వరి ఆయన తడి చొక్కాకి తల ఆనించింది. ఆయన ఒక చేత్తో పెట్టె పట్టుకుని, ఇంకో చెయ్యి ఆమె నెత్తిన పెట్టారు. ఆ జబ్బు గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది అంతే.

తర్వాత నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా వంతెనలు చూశాను. కానీ నన్ను నోరెత్తకుండా చేసింది ఆ రెండు వేళ్ళ ఖాళీ. దాచాలి, కానీ తెరవడానికి చోటు వదలాలి. ఆ రెండూ ఒకే పెట్టెలో పెట్టగలగడం పని తెలిసినవాడికే చేతనవుతుంది. ఆ పెట్టె ఇప్పటికీ రాజేశ్వరి దగ్గరే ఉంది, పాస్‌పోర్టులు అందులోనే పెట్టుకుంటుంది.

కాబట్టి నీలిమా, ఫారంలో నీ చిన్నప్పటి ఉబ్బసం సంగతి రాయక్కర్లేదు, ఎవరికి తెలుస్తుందన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో. వీసాకి వెళ్ళే అందరికీ నేను చెప్పేది ఒక్కటే: కొత్త కాగితంతోపాటు పాతదీ పట్టుకెళ్ళండి. రేపు పదింటిలోపు మలంచాలో నీ చిన్నప్పటి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, పాత చీటీలన్నీ అడిగి తీసుకో. ఆయన కసురుకుంటాడు, పట్టించుకోకు. అక్కణ్ణుంచి ప్రేమ్ బజార్‌కి వెళ్ళి రెండేసి జిరాక్సులు తీయించు, జిప్పున్న ప్లాస్టిక్ ఫోల్డరు ఒకటి కొను. ఇంటికి తెచ్చాక మీ తాత కంట పడనివ్వకు. మామగారు మాటు వేసే ఇనప కర్ర ఇంకా ఆయన దగ్గరే ఉంది.