నాలుగున్నర జానల ఎత్తు

కొలోన్‌లో మా అపార్ట్‌మెంటు అడుగున, ఒక్కో ఇంటికీ ఒక్కో చిన్న గదిగా పంచి ఇచ్చిన కెల్లర్‌లో, కోసిన ప్లైవుడ్ వాసన ఇంకా పోలేదు. పచ్చిచెక్క వాసన, దాని వెనకాలే జిగురు ఘాటు, తడిగోడల చలి కలిసిన ఆ గాలి మెట్లు దిగుతుండగానే ముక్కుకి తగులుతుంది. తగలగానే తణుకులో మా ఇంటి ముందుగది, ఆ గదికీ నడింటికీ మధ్య వేలాడే ఆకుపచ్చ కర్టెను, దానికి ఇవతల ఒళ్లో పుస్తకంతో కూర్చున్న నేను, అన్నీ కళ్లముందుకొస్తాయి.

మా నాన్న రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. ఒక వేసవిలో, వీధిలో ముంజలు అమ్మకానికొచ్చే రోజుల్లో, పాత టీవీ ఒకదాన్ని నిలువెత్తు చెక్కపెట్టెలో బిగించి, ఒక జాయ్‌స్టిక్కు, ఎర్ర బొత్తాలు పెట్టి, ఊళ్లో పిల్లలు డబ్బులిచ్చి ఆడుకునే వీడియో గేమ్ తయారుచేశాడు. టేపు ఉన్నా వాడేవాడు కాదు. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, నేల నుంచి పైకి జానలు వేసుకుంటూ, "బొత్తాల పలక నాలుగున్నర జానలు, మొత్తం ఎనిమిది" అని పద్యంలా చదివేవాడు. ఆ మాట నాకు ఎక్కాలతోపాటే కంఠతా వచ్చేసింది.

పెట్టె ముందుగదిలోకి వచ్చింది, నేను నడింట్లోకి వెళ్లాను. అరుగంతా సైకిళ్లు, గదంతా కొబ్బరినూనె తలలు, వానాకాలంలో తడిచొక్కాల కంపు, కారం అద్దుకున్న మామిడిముక్కలు, కేకలు. అంతమంది మగపిల్లల మధ్యనుంచి ఆడపిల్ల రోజూ బడికి పోయి రావడం బాగుండదన్నారు. వాళ్లని రావద్దని ఎవరూ అనలేదు. నన్నే బడి మాన్పించారు. నానమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పింది. పద్యాలు, లెక్కలు, తప్పు రాస్తే చెవి మెలితిప్పడం, ఒప్పు రాస్తే బెల్లంముక్క. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి చలవే. రోజూ దీపం పెట్టాక దేవుడితోపాటు ఆవిడకీ ఓ దణ్ణం పెట్టుకుంటాను. అయినా బడి మాన్పించిన ఆ చేదు నాలుక మీంచి పోలేదు. దణ్ణం దారి దణ్ణానిది, చేదు దారి చేదుది.

ఆ ఆట నాకు చెవులతోనే తెలుసు. ఎప్పుడు దూకారో, ఎప్పుడు పడ్డారో, ఎవరి ఆట ముగిసిందో కర్టెను ఇవతల నుంచే చెప్పేసేదాన్ని. ఒక్కసారి ఆ బొత్తాల ముందు నిలబడి నేనే ఆడాలి. అప్పట్లో నేను దేవుణ్ణి అడిగిందల్లా అదొక్కటే.

ఏడాదికొక్కసారి ముందుగది ఖాళీ అయ్యేది. దసరా రోజు నాన్న స్క్రూడ్రైవర్లూ, అతుకులు వేసే ఇనుమూ తుడిచి పీట మీద పేర్చి, పెట్టెకి పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేవాడు. వంటింట్లో పులిహోర పోపు, గారెలు వేగే చప్పుడు, చక్రపొంగలిలో పచ్చకర్పూరం. ఒక్క మగపిల్లాడు కూడా గడప తొక్కడు. కానీ పూజ చేసిన పనిముట్టుని ఆ రోజు వాడకూడదు.

"నాన్నా, ఒక్క ఆట," అని అడిగాను.

ఆయన నానమ్మ వంక చూశాడు.

"ఇవాళ దానికి సెలవే తల్లీ. అమ్మవారు కూర్చుంది అందులో," అంది నానమ్మ.

"మరి రేపో?"

"రేపు మొగపిల్లలొచ్చేత్తారు గదే పిచ్చిమొహవా!" అని నానమ్మ అంటే ఇద్దరూ నవ్వుకున్నారు.

భోజనాలయ్యి అందరూ కునుకు తీసినప్పుడు వెళ్లి నిలబడ్డాను. తెర నల్లగా ఉంది. అందులో నా మొహం, నా బొట్టు. పూలదండ పక్కకి జరక్కుండా జాయ్‌స్టిక్కు తిప్పుతూ, చప్పుళ్లు నోటితోనే చేసుకుంటూ చాలాసేపు ఆడాను. ప్రతి దసరాకీ అలాగే ఆడాను.

ఇళ్లల్లోకి కంప్యూటర్లు వచ్చాక పిల్లలు రావడం మానేశారు. నాన్న ఆ పెట్టె విప్పి, ఆ చెక్కతో స్నానాలగదికి తలుపు చేశాడు. చివరికి అది నా చేతికందింది గడియ వేసుకోవడానికే.

ఇక్కడ మా అమ్మాయి కోసమని చెప్పి నేను మళ్లీ అలాంటి పెట్టె మొదలుపెట్టాను. రంపం పట్టడం అదే మొదలు. చెక్కా సామానూ అమ్మే బౌమార్క్ట్‌లో చెక్కలు కోయించుకుని, మరలు వంకరగా దిగి, అంచులు చిట్లి, వేళ్లకి పేళ్లు గుచ్చుకుని, నెలల తరబడి తంటాలు పడ్డాను. ఒక ఆదివారం డ్రిల్లు తిప్పితే కింది అంతస్తు పెద్దావిడ వచ్చి, ఈవేళ చప్పుళ్లు నిషేధమని గట్టిగా చెప్పి వెళ్లింది. ఈ దేశంలో వారం వారం ఆయుధపూజే, బొట్టు మాత్రం ఉండదు.

"టెర్మిన్ తీసుకుంటే గానీ మీ దర్శనం కావట్లేదండీ," అనేవారు మావారు, అపాయింట్‌మెంటు అడుగుతున్నట్టు మెట్ల మీద నిలబడి.

తీరా నిలబెట్టి చూస్తే బొత్తాల పలక నా నడుముక్కూడా రాలేదు.

"ఇదేంటే, కీటాకెళ్లే బుల్లిపిల్లలకా?" అని ఆయన పగలబడి నవ్వారు.

అప్పుడు తెలిసింది. ఎనిమిదీ నాలుగున్నరా బాగానే గుర్తున్నాయి. నా జాన టేపు మీద పరిచి చూసుకుని, ఆ లెక్కనే చెక్కలు కోయించాను. పద్యం నాన్నది, చెయ్యి నాది.

తెరా, బొత్తాలూ బిగించి అది పూర్తిచేసేసరికి దసరా వచ్చింది. రంపానికీ, డ్రిల్లుకీ, పెట్టెకీ బొట్లు పెట్టాను.

"ఆన్ చెయ్యనా మమ్మీ?" అని మా అమ్మాయి చెయ్యి చాపింది.

"ఇవాళ దానికి సెలవమ్మా," అన్నాను. నోట్లోంచి వచ్చాక గానీ అది ఎవరి మాటో తెలియలేదు.

"వారుమ్?" అంది, ఎందుకని. సమాధానం కోసం ఆగకుండానే, "ఎగాల్" అనేసి, పర్లేదన్నట్టు భుజాలెగరేసి పైకి వెళ్లిపోయింది.

మర్నాడు వచ్చి నిలబడితే పెట్టె దానికి కొలిచి చేసినట్టే సరిపోయింది. కాసేపు ఆడి, ట్యాబ్‌లో ఇంతకంటే మంచివి ఉన్నాయని చెప్పి వెళ్లిపోయింది. దాన్నేమీ అనను. అడగ్గానే అన్నీ దొరికే పిల్ల, చల్లగా ఉండాలి.

తర్వాత నేను ఆడాను. తెర కనబడాలంటే మోకాళ్ల మీద కూర్చోక తప్పలేదు. నల్లతెర మీద ఇన్ని దసరాల్లో ఒక్కసారి కూడా ఓడిపోలేదు నేను. వెలిగే తెర మీద నా ఆట ఊపిరి తీసుకునేలోగా అయిపోయింది. తెర చీకటైనప్పుడు అందులో ఒక నడివయసు ఆడమనిషి, నుదుట చెదిరిన కుంకుమ. ముందుగది లేదు, నానమ్మ లేదు, జానలు వేసిన ఆ చెయ్యీ లేదు. ఈ పెట్టె ఎవరి ఎత్తుకి సరిపోతుందో తణుకులోని ఆ పిల్ల మటుకు కర్టెను ఇవతలే ఉండిపోయింది.